కష్టాలు కన్న బిడ్డ కాదు ఫ్యానీ లూ హేమర్

మొన్న మార్చిలో హైదరాబాద్‌లో ఒక మహిళా దినోత్సవ సభకు వెళ్లాను. వక్త బాగా చదువుకున్న మనిషి. అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో నల్లవాళ్ల ఓటు హక్కు కోసం పోరాడిన నల్లజాతి ఉద్యమకారిణి ఫ్యానీ లూ హేమర్ గురించి అరగంట మాట్లాడారు. తెలుగు సభల్లో ఆ పేరు వినపడటమే అరుదు కాబట్టి ఒళ్లంతా చెవులు చేసుకుని విన్నాను. చివర్లో ఆవిడ అన్న మాట ఇది: "అణచివేతే ఆమెను నాయకురాలిని చేసింది. ఆ కష్టాలు పడకపోతే మనకు హేమర్ ఉండేదే కాదు." హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను.

తిరిగి బస్సెక్కాక ఆ మాట గొంతులో ముల్లులా ఆగిపోయింది. మనకు కొత్త మాటేం కాదు. కష్టాలు మనిషిని రాటుదేలుస్తాయని, నిప్పులో కాలితేనే బంగారానికి మెరుపని చిన్నప్పటినుంచీ వింటున్నాం. నా బతుకు గురించి నేనే నాలుగైదుసార్లు అలా చెప్పుకున్నాను. కానీ హేమర్ జీవితాన్ని పక్కన పెట్టుకుని చూస్తే ఆ మాట నిలబడటం లేదు. పైగా అది అణచినవాళ్ల ఖాతాలో ఊరికే ఒక పుణ్యం జమ చేస్తోంది. ఇన్ని రోజులుగా నాలో నేను పడుతున్న వాదన ఇక్కడ రాస్తున్నాను.

ఒకే ఇంట్లో 20 మంది

హేమర్ 1917 అక్టోబర్ 6న పుట్టింది. అమ్మానాన్నలకు 20వ సంతానం, అందరికన్నా చిన్నది. ఆమెకు రెండేళ్లప్పుడు కుటుంబం మిసిసిపీలోనే సన్‌ఫ్లవర్ కౌంటీకి (మన జిల్లా లాంటిది) వచ్చింది. తెల్ల దొర భూమిలో సగం పాలికి పత్తి సాగు. విత్తనం, తిండి అన్నీ దొర దగ్గర అప్పు. పంట చేతికొచ్చాక లెక్క చూసేది దొరే. ఆ లెక్కలో ఏటా బాకీయే తేలేది. ఆరేళ్ల పిల్ల రోడ్డు పక్కన ఆడుకుంటుంటే దొర వచ్చి, ఈ వారం 30 పౌండ్ల పత్తి ఏరితే నా దుకాణంలో తినుబండారాలు ఇస్తానని ఆశపెట్టాడు. ఏరింది, తెచ్చుకుని తిన్నది. మరుసటి వారం 60 పౌండ్లు ఏరమన్నారు. ఉచ్చులో కాలు పెట్టానని అప్పుడు తెలియలేదని పెద్దయ్యాక చెప్పింది. 13 ఏళ్లకు రోజుకు 200 నుంచి 300 పౌండ్లు ఏరేది. బడి ఏడాదికి నాలుగు నెలలే, పత్తి పని లేని నెలల్లో. అదీ ఆరో తరగతితో సరి.

ఇప్పుడు నా ప్రశ్న. అదే ఇల్లు, అదే చేను, అదే బాకీ పుస్తకం, అదే చర్మం. అణచివేతే నాయకుల్ని తయారు చేసేదైతే ఆ ఇంటినుంచి 20 మంది రావాలి కదా. ఒక్కరే వచ్చారు. ఆ ఒక్కరికీ 44 ఏళ్లు పట్టింది.

అణచివేత నిజంగా చేసే పని ఏమిటో ఆ ఇంటి కథలోనే ఇంకోచోట కనిపిస్తుంది. ఒక ఏడాది కాలం కలిసొచ్చి నాన్న నాలుగు డబ్బులు కూడబెట్టాడు. పాలికి కాకుండా కౌలుకు భూమి తీసుకున్నాడు. కంచర గాడిదలు కొన్నాడు, ఆవులు కొన్నాడు. ఆ గాడిదలకు ఎల్లా, బర్డ్, హెన్రీ అని పేర్లు కూడా పెట్టుకున్నారు. ఒక రాత్రి ఎవరో తెల్లమనిషి వాటి కుడితితొట్టిలో పారిస్ గ్రీన్ అనే పురుగుమందు కలిపాడు. జీవాలన్నీ చచ్చిపోయాయి. ఇక ఆ కుటుంబం లేవలేదు. మళ్లీ సగం పాలికే వెళ్లింది. మా వైపు ఎద్దు చచ్చిన ఇంట్లో మూడు రోజులు పొయ్యి వెలగదు. పగబట్టి చంపితే ఆ ఇల్లు ఎలా ఉంటుందో నేను ఊహించగలను. ఆ తొట్టిలో కలిపిన మందు ఎవరినీ రాటుదేల్చలేదు. ఒక కుటుంబం లేచి నిలబడబోతున్న సరిగ్గా ఆ పూటే కాళ్లు విరగ్గొట్టింది.

చేతిలో గుండు

మరి ఆమె ఎలా వచ్చింది?

మాది పరకాల దగ్గర ఊరు. మా అమ్మ పత్తి ఏరే కూలీ. మా ఎస్సీ కాలనీ ఆడవాళ్లు పదిహేను మంది ఒక ముఠాగా పోయేవాళ్లు. కిలోకి ఇంత అని కూలి. సాయంత్రం చేను గట్టు మీద ఆసామి కాంటా వేసేవాడు. కొయ్యకు వేలాడే కాంటా అది. మూట కొక్కేనికి తగిలిస్తే అరకిలో ఎప్పుడూ ఆసామికే పోయేది. ముఠాలో అంకెలు చదవగలిగింది అమ్మ ఒక్కతే. నన్ను పక్కన నిలబెట్టుకుని ఒకసారి చెవిలో అన్నది: "కాంటా ముల్లు దిక్కు చూడకు బిడ్డా, ఆయన చెయ్యి దిక్కు చూడు." చూశాను. చిటికెనవేలు మూటకు కింద ఆనించి ఉంది.

అందుకే హేమర్ కథలో నన్ను పట్టి ఆపేది జైలు దెబ్బలు కాదు, తూకం గుండు. 1944 ప్రాంతంలో పెర్రీ హేమర్‌ని పెళ్లాడి మార్లో అనే దొర ప్లాంటేషన్‌కి వచ్చాక ఆమెకు టైమ్‌కీపర్ పని ఇచ్చారు. చదవడం, రాయడం వచ్చు కాబట్టి. ఎవరు ఎన్ని గంటలు చేశారు, ఎంత ఏరారు అన్న లెక్క ఆమె చేతిలో. దొర గుండులో మోసం ఉందని ఆమెకు తెలుసు. అందుకని తన గుండు ఒకటి చేనుకు తీసుకెళ్లేది. దొర దూరంగా కనపడేదాకా ఆ గుండుతోనే తూచేది. దొర వస్తుంటే మార్చేసేది.

ఓటు అనే మాట వినకముందు, సభలో చెయ్యి ఎత్తకముందు జరిగిన సంగతి ఇది. ఇక్కడ ఆమెకు బలం ఇచ్చింది ఆకలి కాదు. ఆరో తరగతి చదువు, లెక్క తెలియడం, ఏరేవాళ్ల నమ్మకం, దొర కళ్లుగప్పే ఒడుపు. ఇవన్నీ అణచివేత ఇచ్చినవా? అణచివేత లాక్కోవడం మర్చిపోయినవి, లేదా దానికి దొరక్కుండా దాచుకున్నవి.

1962 ఆగస్టులో రూల్‌విల్‌లోని విలియమ్స్ చాపెల్ అనే చిన్న చర్చిలో ఒక సభ పెట్టారు. విద్యార్థుల అహింసా సమన్వయ సంఘం తరఫున జేమ్స్ ఫోర్మన్, సదరన్ క్రిస్టియన్ నాయకత్వ సంఘం నుంచి జేమ్స్ బెవెల్ వచ్చారు. నల్లవాళ్లకు ఓటు హక్కు ఉంటుందని తనకు ఆ రోజుదాకా తెలియనే తెలియదని హేమర్ తర్వాత చాలాసార్లు చెప్పింది. ఈ మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. 44 ఏళ్ల మనిషి, తనకున్న హక్కు పేరే వినలేదు. నల్లవాళ్లే మెజారిటీ ఉన్న కౌంటీ అది. 1965 ఓటు హక్కు చట్టానికి ముందు మిసిసిపీ మొత్తంలో ఓటర్ల జాబితాకెక్కిన నల్లవాళ్లు నూటికి ఏడుగురు కూడా లేరు. చట్టం వచ్చిన రెండేళ్లకు ఆ సంఖ్య నూటికి 60కి దగ్గరైంది. ఆ రెండేళ్లలో వాళ్ల కష్టాలు పెరగలేదు, దారి తెరుచుకుంది. నాయకత్వం ఎక్కడినుంచి వస్తుందో చెప్పడానికి నాకు ఇంతకన్నా పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

ఆగస్టు 31న 18 మంది ఓటర్లుగా పేరు నమోదు చేయించుకోవడానికి పాత బస్సెక్కి ఇండియనోలా కోర్టుకు వెళ్లారు. అక్కడ రాష్ట్ర రాజ్యాంగంలో ఒక సెక్షన్ ఇచ్చి అర్థం చెప్పమన్నారు. గుర్రానికి క్రిస్మస్ గురించి ఎంత తెలుసో నాకు ఆ చట్టం గురించి అంతే తెలుసు అన్నదామె. తిరుగుదారిలో బస్సు రంగు మరీ పసుపుగా ఉందని, స్కూలు బస్సులా కనపడుతోందని పోలీసులు ఆపి జరిమానా వేశారు. జనం భయపడుతుంటే ఆమె చర్చి పాటలు ఎత్తుకుంది. ఆ రాత్రే మార్లో ఇంటిముందుకు వచ్చాడు. దరఖాస్తు వెనక్కి తీసుకో, లేదా ఇల్లు వదిలి పో అన్నాడు. 18 ఏళ్లు చాకిరీ చేసిన పొలం. నేను వెళ్లింది మీ కోసం కాదు, నా కోసం అని చెప్పి రాత్రికి రాత్రే బయటికి నడిచింది.

తీసుకున్న లెక్క

అణచివేత ఏమిచ్చిందో చెప్పేవాళ్లు ఏం తీసుకుందో కూడా చెప్పాలి.

1961లో గర్భసంచిలో చిన్న కణితి ఉందని ఆస్పత్రికి వెళ్లింది. ఆమెను అడగకుండా, ఆమెకు చెప్పకుండా గర్భసంచే తీసేశారు. ఆ సంగతి డాక్టర్ నోట కాక దొర వంటింట్లో మొదలైన గుసగుసల ద్వారా ఆమెకు చేరింది. నల్ల ఆడవాళ్లకు ఇది ఎంత మామూలైపోయిందంటే, దానికి మిసిసిపీ అపెండిక్స్ ఆపరేషన్ అని ఆమె పేరు పెట్టింది. పిల్లల కోసం ఆశపడ్డ మనిషి ఆమె. పెంపుడు కూతుళ్లు ఇద్దరు ఉన్నారు, అయినా ఆ కోత కోతే.

1963 జూన్ 9న, పౌరసత్వ శిక్షణ తరగతి నుంచి తిరిగివస్తూ వినోనాలో బస్సు ఆగినప్పుడు అరెస్టు చేశారు. జైల్లో అధికారులు ఆమెను ఇద్దరు నల్లజాతి ఖైదీలతో కొట్టించారు. ఒకడు అలసిపోయాక రెండోవాడు. పోలియో వచ్చిన ఎడమ పక్క దెబ్బ తగలకుండా చేతులు అడ్డం పెట్టుకుందట. పైకి జరిగిన గౌను ఆమె కిందకు లాక్కుంటే ఒక తెల్లవాడు మళ్లీ పైకి లాగాడు. మూత్రపిండం దెబ్బతింది, కన్ను దెబ్బతింది. జీవితాంతం ఆ బాధ పోలేదు. కొట్టించిన అధికారులను పూర్తిగా తెల్లవాళ్లతో నిండిన జ్యూరీ నిర్దోషులని వదిలేసింది.

ఆ ఇద్దరు ఖైదీల గురించి సభలో వక్త చెప్పలేదు. కానీ నా వాదనకు వాళ్లే ముఖ్యం. వాళ్లదీ అదే చర్మం, అదే మిసిసిపీ, అదే జైలు. అణచివేత వాళ్లను నాయకుల్ని చేయలేదు, లాఠీ పట్టించింది. తప్పు వాళ్లదని నేననను. అణచివేత ఒక కార్ఖానా అనుకుంటే, అందులో రోజూ తయారయ్యే సరుకు ఇదే అంటున్నాను.

నన్ను వెనక్కి లాగే సందేహం

ఇక్కడిదాకా రాసి రెండు వారాలు పక్కన పెట్టాను. ఎందుకంటే ఈ వాదనకు అడ్డం పడేది హేమరే.

1964 ఆగస్టు 22న అట్లాంటిక్ సిటీలో డెమోక్రటిక్ పార్టీ జాతీయ మహాసభలో, ప్రతినిధుల సీట్లలో ఎవరు కూర్చోవాలో తేల్చే అర్హతల కమిటీ ముందు ఆమె మాట్లాడింది. మిసిసిపీ నుంచి తెల్లవాళ్లే ప్రతినిధులుగా వచ్చారని, తమ ఫ్రీడమ్ డెమోక్రటిక్ పార్టీని గుర్తించాలని అడగడానికి వచ్చిన బృందం అది. సిద్ధాంతం చెప్పలేదు. ఇల్లు పోయిన రాత్రి, తుపాకీ గుళ్లు, వినోనా జైలు, గౌను లాగిన చెయ్యి, అన్నీ చెప్పింది. టీవీ కెమెరాలు ఆమె మీద ఉన్నాయని తెలిసి అధ్యక్షుడు జాన్సన్ అప్పటికప్పుడు విలేకరుల సమావేశం పెట్టించాడు. కెమెరాలు అటు తిరిగాయి. రాత్రి వార్తల్లో ఆమె మాటలే మళ్లీ వేశారు, దేశమంతా విన్నది. అంటే ఆమెను వినేలా చేసింది ఆమె గాయాలే కదా? ఆ కష్టం లేకపోతే ఆ మాటకు అంత బరువు వచ్చేదా?

దీనికి నా దగ్గర తేలికైన జవాబు లేదు. నాకు తెలిసింది మాత్రం ఒకటుంది. డిగ్రీ అయ్యాక ఒక ఫెలోషిప్ ఇంటర్వ్యూకు వెళ్లాను. బల్లకు అవతల ముగ్గురు. నా మార్కులు అడగలేదు, నేను రాసుకొచ్చిన ప్రతిపాదన తిప్పి చూడలేదు. "మీ నాన్నగారు ఎలా పోయారో చెప్పండి" అన్నారు. చెప్పాను. మధ్యలో గొంతు పూడుకుపోయింది. వాళ్లలో ఒకావిడ కళ్లు తుడుచుకుంది. ఫెలోషిప్ వచ్చింది. నాన్న చావును ఆ బల్ల మీద పెట్టి ఏదో కొనుక్కున్నానన్న బాధ పన్నెండేళ్లయినా పోలేదు. గాయం చూపిస్తేనే తలుపు తెరిచే ఇల్లు అది. గాయానికి తాళంచెవి విలువ ఇచ్చింది తలుపు వేసినవాళ్లు. దాన్ని గాయం గొప్పతనం అనుకోవడమే నేను చేసిన పొరపాటు.

హేమర్ ఆ కమిటీ ముందు అడిగింది జాలి కాదు, సీట్లు. జాలి దొరికింది, సీట్లు దొరకలేదు. రెండు సీట్లు ఇస్తాం, అవి కూడా ఎవరికో మేమే చెబుతాం అన్నారు. ఉపాధ్యక్ష పదవి ఆశించిన హ్యూబర్ట్ హంఫ్రీ, ఈ గొడవ తేలకపోతే తన అవకాశం పోతుందన్నట్టు మాట్లాడితే, 4 లక్షల మంది నల్లవాళ్ల ప్రాణాల కన్నా నీ పదవి ఎక్కువా అని మొహం మీదే అడిగింది. తర్వాతి చర్చలకు ఆమెను పిలవలేదు. ఒప్పుకోండని పెద్ద పెద్ద నల్లజాతి నాయకులే నచ్చజెప్పారు. రెండు సీట్ల కోసం ఇంత దూరం రాలేదని ఆమె తేల్చి చెప్పింది. ఏడ్చిన దేశం ఆమెను కుర్చీలో కూర్చోబెట్టడానికి ఇంకో నాలుగేళ్లు తీసుకుంది.

ఇంకో సందేహం కూడా ఉంది. నల్లదనాన్ని, నల్లవాళ్ల మీద పడ్డ అణచివేతను విడదీయగలమా? హేమర్ చిన్నప్పుడు, తెల్లవాళ్లకే తిండి ఉంది కాబట్టి తెల్లగా పుడితే బాగుండునని తల్లితో అన్నది. తల్లి కోప్పడింది. నువ్వు నల్లపిల్లవి, నిన్ను నువ్వు గౌరవించుకో, నేను పోయాక కూడా ఈ మాట గుర్తుపెట్టుకో అని చెప్పింది. నల్లబొమ్మ ఒకటి తెచ్చి చేతిలో పెట్టింది. ఆ రోజుల్లో, ఆ పేదరికంలో ఆ తల్లి నల్లబొమ్మ ఎలా సంపాదించిందోనని నాకు ఆశ్చర్యం. నల్ల అనే మాట దొర నోట్లో ఒకటి, తల్లి లూ ఎల్లా నోట్లో ఇంకొకటి. రెండూ ఒకే పిల్ల మీద పడ్డాయి. పూర్తిగా విడదీయలేమని ఒప్పుకుంటాను. కానీ హేమర్ నిలబడింది తల్లి చెప్పిన మాట మీద.

దీన్ని చదివి కులానికి, జాతికి లంకె పెడుతున్నావా అని అడిగేవాళ్లుంటారు. రెండూ ఒకటి కాదు. 1946లో అంబేద్కర్ అమెరికా నల్లజాతి మేధావి డుబాయిస్‌కు ఉత్తరం రాసినప్పటినుంచీ ఈ పోలికలు నడుస్తున్నాయి, తేడాలూ తెలుస్తున్నాయి. నేను పోల్చింది ఒక గుండును, ఒక చిటికెనవేలును. అంతకు మించి లాగను.

బెండకాయలు, పందిపిల్లలు

1969లో హేమర్ 40 ఎకరాలు కొని ఫ్రీడమ్ ఫార్మ్ సహకార సంఘం మొదలుపెట్టింది. తర్వాత ఇంకో 640 ఎకరాలు కలిపారు. ఓటుకు వెళ్లినవాళ్లను పనిలోంచి తీసేస్తున్నారు, తిండి ఆపేస్తున్నారు. 1967లో ఆమె పెంపుడు కూతురు డొరొతీ సరైన తిండి లేక, దగ్గర్లో వైద్యం దొరక్క 22 ఏళ్లకే చనిపోయింది. అందుకే ఆ భూమిలో బఠాణీలు, చిక్కుళ్లు, బెండకాయలు, చిలగడదుంపలు పండించారు. పత్తి, సోయా అమ్మి భూమి అప్పు కట్టేవారు. పందుల బ్యాంకు ఒకటి పెట్టారు: ఒక ఆడ పందిపిల్లను ఇంటికి ఇస్తారు, అది ఈనాక రెండు పిల్లల్ని తిరిగి బ్యాంకుకు ఇవ్వాలి. పెరట్లో పంది, తోటలో కూరగాయలు ఉంటే నిన్ను ఎవరూ నెట్టలేరు అని ఆమె లెక్క. ఆ ప్రయోగం 1970ల మధ్యకల్లా కూలిపోయింది. వరదలు, పన్నుల బాకీలు, ఆమె అనారోగ్యం. 1977 మార్చి 14న మౌండ్ బయూ ఆస్పత్రిలో పోయింది. 59 ఏళ్లు. చేతిలో డబ్బు లేదు.

ఈ భాగాన్ని సభల్లో చెప్పరు. దెబ్బలు తిన్న కథకు చప్పట్లు వస్తాయి, పందుల లెక్కకు రావు. నాకు మాత్రం ఆమె మనసు అసలు ఎటు తిరిగిందో ఇక్కడే తెలుస్తుంది. కష్టం నుంచి ఏదో గొప్పది పుడుతుందని ఆమె నమ్మి ఉంటే, పక్కింటి పిల్లకు కష్టం తగ్గించడానికి అన్ని ఎకరాల బెండ వేసేది కాదు.

పోయిన ఆదివారం అమ్మకు ఫోన్ చేసి హేమర్ సంగతి చెప్పాను. జైలు గురించి చెబితే "అయ్యో" అన్నది, ఊరుకుంది. గుండు సంగతి చెప్పగానే గొంతు మారింది. గుండు ఎంతుండేది, ఎక్కడ దాచేది అని అడిగింది. దొర దూరం నుంచి కనపడేదాకా సొంత గుండుతో తూచేదని మళ్లీ చెప్పాను.

"దూరంకెళ్లి ఆమెకు ఎట్ల కనవడుతడు బిడ్డా? ఆమె కండ్లు కాంటా మీదుంటయి," అన్నది అమ్మ. "ఏరేటోళ్లల్ల ఎవలో ఒకలు చూసి సైగ జేసెటోళ్లు. మాకు లచ్చమ్మ దగ్గేది."